జపాన్‌లో ఆదివారం షికారు: ఒకే కెమెరాతో పిట్టలు, ప్రకృతి, ఇంటిల్లిపాది ఫొటోలు ఎలా తీయాలి

"జపాన్ వచ్చాక మంచి కెమెరా కొన్నాం. పార్కుకు వెళ్తే పిట్ట చుక్కలా పడుతోంది, ఫుజి కొండ పాలిపోయి వస్తోంది, అమ్మ మొహం నల్లగా వస్తోంది. ఏం చెయ్యాలి?" ఈ మాట ఈ రెండు మూడేళ్లలో ఎంతమంది అడిగారో లెక్కలేదు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే అంతా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

నేనుండేది టోక్యో తూర్పు అంచున, ఎదొగావా వార్డులో. నిషి-కసాయి చుట్టుపక్కల మన కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి, అందరికీ అందుబాటులో ఉన్న కసాయి రింకాయ్ పార్కునే ఉదాహరణగా తీసుకుంటున్నాను. 1989లో తెరిచిన ఈ పార్కుకు ప్రవేశ రుసుము లేదు. జేఆర్ కేయో లైన్‌లో పార్కు పేరుతోనే స్టేషన్ ఉంది. లోపల పక్షుల కోసం వదిలేసిన రెండు చెరువులు, 117 మీటర్ల రంగులరాట్నం, ఎదురుగా టోక్యో అఖాతం. ఒడ్డుకు ఆనుకున్న బురద మేటలు 2018లో అంతర్జాతీయ రామ్సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కాయి. పిట్టా, దృశ్యమూ, పిల్లలు పరుగెత్తే చోటూ ఒకే ప్రహరీలో దొరుకుతాయి. మీరు ఒసాకాలో ఉన్నా, ఫుకుఒకాలో ఉన్నా పద్ధతి ఇదే.

కావలసినవి

- జూమ్ లెన్స్ ఉన్న కెమెరా. చివరి అంకె 300 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉంటే పిట్టలకు పనికొస్తుంది. 100–400 ఉంటే ఇంకా హాయి. లెన్స్ మార్చే పనిలేని పెద్ద జూమ్ కెమెరా ఉన్నా చాలు.
- అదనపు బ్యాటరీ. చలికాలంలో దాన్ని సంచిలో కాదు, కోటు లోపలి జేబులో పెట్టుకోండి. చలికి బ్యాటరీ తొందరగా పడిపోతుంది.
- ఖాళీ చేసిన కార్డు, లెన్స్ తుడిచే మెత్తటి గుడ్డ. సముద్రపు గాలికి గంటలోనే అద్దం మీద ఉప్పుపొర పేరుకుంటుంది.
- చేతులు వెచ్చబెట్టుకునే కైరో పొట్లాలు, పిల్లలకు తినేవి, తాగేవి. పిల్లలకు ఆకలేస్తే ఫొటోల పని అక్కడితో ఆగినట్టే.

ట్రైపాడ్ వద్దు. చిన్నపిల్లలతో వెళ్లేటప్పుడు అది మోతబరువు. చాలా గుళ్లలో, రద్దీ తోటల్లో దాన్ని పెట్టనివ్వరు కూడా.

కెమెరా ఇంకా కొననివాళ్లకు ఒక హెచ్చరిక. జపాన్‌లో అమ్మే కొన్ని మోడళ్లలో మెనూ జపనీస్‌లో తప్ప మరో భాషలోకి మారదు. డబ్బు కట్టేముందే దుకాణంలో కెమెరా ఆన్ చేయించి, భాషల జాబితా కళ్లారా చూసుకోండి.

1. ముందురోజు రాత్రి మూడు అరలు సర్దుకోండి

ఈ వ్యాసంలో ఒక్కటే చేస్తానంటే ఇది చెయ్యండి. కెమెరా పైన తిప్పే చక్రం మీద సీ1, సీ2, సీ3 అనో, యూ1, యూ2 అనో గుర్తులుంటాయి. మనకు నచ్చిన సెట్టింగులు దాచుకునే అరలవి. ఏళ్ల తరబడి కెమెరా వాడుతూ కూడా వీటి జోలికి పోనివాళ్లే ఎక్కువ. పార్కులో చేతులు వణుకుతుంటే, పక్కన పిల్లాడు చెయ్యి లాగుతుంటే, మెనూల్లో వెతికే తీరిక ఉండదు. అందుకే ఇంట్లో సోఫాలో కూర్చునే ఆ పని ముగించాలి.

*సీ1, పిట్టలకు:* మాన్యువల్ మోడ్. షటర్ (వెలుగు లోపలికి వచ్చే సమయం) సెకనులో 1/1000 వంతు. అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) ఎంత తెరుచుకుంటే అంత. ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) ఆటోలో, పై హద్దు 6400. ఫోకస్ కంటిన్యువస్‌లో, గుర్తించాల్సింది 'పక్షి' లేదా 'జంతువు'. వరుస షాట్లు మధ్యస్థ వేగంలో.

*సీ2, దృశ్యాలకు:* అపర్చర్ ప్రయారిటీ (రంధ్రం మనం ఎంచుకుంటే షటర్ కెమెరా చూసుకుంటుంది), ఎఫ్8. ఐఎస్‌ఓ 200. ఫోకస్ ఒకే చుక్క మీద. ఒక్కో నొక్కుకు ఒక్కో ఫొటో.

*సీ3, ఇంట్లోవాళ్లకు:* అపర్చర్ ప్రయారిటీ, ఎఫ్4. ఐఎస్‌ఓ ఆటో, హద్దు 3200. కనీస షటర్ 1/250. గుర్తించాల్సింది 'మనిషి కన్ను'. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో మొత్తాన్ని వెలుగు వైపో చీకటి వైపో జరిపే అంకె) +0.3.

దాచాక కెమెరా ఆపి, మళ్లీ ఆన్ చేసి, చక్రం తిప్పి మూడూ నిలిచాయో లేదో చూడండి. చాలా కెమెరాల్లో 'రిజిస్టర్' నొక్కకపోతే పడ్డ కష్టమంతా పోతుంది. ఇంకో సంగతి, సాధారణంగా పార్కులో మీరు మార్చిన అంకెలు కెమెరా ఆపగానే దాచుకున్నవాటికే తిరిగి వస్తాయి. అది లోపం కాదు, మన మంచికే.

అరలు లేని చిన్న కెమెరా అయితే మూడు సెట్టింగులూ ఒక కాగితం మీద రాసి సంచిలో పెట్టుకోండి. లేదా పిట్టలకూ దృశ్యాలకూ కెమెరా, ఇంట్లోవాళ్లకు ఫోను అని పంచుకోండి.

2. వెలుగు ఎటునుంచి వస్తుందో చూసి బయల్దేరండి

మన ఊళ్లో సూర్యోదయం ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే వేళకు. ఇక్కడ అలా కాదు. టోక్యోలో జూన్ నెలాఖర్లో నాలుగున్నరకే తెల్లారుతుంది. డిసెంబరు నెలాఖర్లో ఏడు కావస్తుండగా సూర్యుడొచ్చి, సాయంత్రం నాలుగున్నరకల్లా వెళ్లిపోతాడు. "మధ్యాహ్నం భోంచేసి బయల్దేరదాం" అనుకుంటే చలికాలంలో చేతికి చిక్కే వెలుగు రెండు గంటలే.

మేలు కూడా ఉంది. డిసెంబరులో నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు 33 డిగ్రీలకు మించి పైకి రాడు. అంటే రోజంతా ఏటవాలు వెలుగే. మన ఎండాకాలపు మిట్టమధ్యాహ్నంలో మొహాల మీద పడే నల్లటి నీడలు ఇక్కడి చలికాలంలో ఉండవు. కుటుంబం ఫొటోలకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పదకొండు గంటలకైనా భయం లేదు.

కసాయిలో సముద్రం దక్షిణాన ఉంటుంది. ఒడ్డున నిలబడి నీటి మీది బాతుల్ని తీస్తే సూర్యుడు మీకు ఎదురు. రంగులు పడవు, నల్లటి ఆకారాలే పడతాయి. అందుకే పొద్దున్నే ముందు లోపలి చెరువుల దగ్గరికి వెళ్లండి. మీ నీడ పిట్ట వైపు పడే చోటు చూసుకుని నిలబడండి.

3. పిట్ట: మొదటి గంట దానికే ఇవ్వండి

చెరువుల చుట్టూ చెక్క గోడలు, వాటిలో చూడ్డానికి కిటికీ కంతలు ఉంటాయి. పక్షులకు మనం కనబడకుండా చేసిన ఏర్పాటది. లెన్స్‌ను కంతలోంచి బయటికి పొడుచుకు రానివ్వకండి. ముందు పది నిమిషాలు కెమెరా ఎత్తకుండా చూడండి. ఏ పిట్ట ఎక్కడ వాలుతోంది, ఎటు లేచి మళ్లీ ఎక్కడికి వస్తోంది? ఫొటోల్లో సగం ఈ పది నిమిషాల్లోనే తయారవుతాయి.

కొత్తవాళ్లకు రెండు పిట్టలు చెబుతాను. మొదటిది లకుముకి పిట్ట. ఇక్కడ కవాసెమి అంటారు. మన చెరువు గట్ల మీద కూర్చునే చిన్న నీలి లకుముకే ఇది. టోక్యో పార్కుల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. సైకిల్ బ్రేకు కీచుమన్నట్టు సన్నటి అరుపు ముందు వినబడుతుంది, ఆ వెనకే నీటి మీదుగా నీలి గీత దూసుకుపోతుంది. దాని వెంట పరుగెత్తకండి. వాలిన కొమ్మకే మళ్లీ వస్తుంది. ఆ కొమ్మ మీద ఫోకస్ పెట్టుకుని కూర్చోండి. ఒకసారి గంటన్నర కూర్చున్నాను. అప్పుడొచ్చింది. చేపను కొమ్మకేసి రెండు దెబ్బలు కొట్టి, తల ముందుగా తిప్పుకుని మింగింది. ముక్కు కింది సగం ఎర్రగా ఉంది, అంటే ఆడపిట్ట. మగదానికి ముక్కంతా నలుపే.

రెండోది జోబితకి. చలికాలపు అతిథి. మగదానికి పొట్ట నారింజ రంగు, రెక్క మీద తెల్లటి మచ్చ. తోక ఆడిస్తూ, తనకిష్టమైన రెండు మూడు కొయ్యల మీదికే మారి మారి వస్తుంది. మనుషుల్ని చూసి అంతగా బెదరదు. చెయ్యి తిరగడానికి ఇంతకు మించిన పిట్ట లేదు.

కూర్చున్న పిట్టకు సీ1 పెట్టి నాలుగైదు ఫొటోలు తీశాక, షటర్ 1/400కు తగ్గించి ఇంకో నాలుగు తీయండి. ఐఎస్‌ఓ దిగి ఫొటో శుభ్రంగా వస్తుంది. ఎగిరే పిట్టకు 1/2000 పెట్టండి. తెల్ల కొంగకు కాంపెన్సేషన్ −0.7, లేకపోతే ఈకలన్నీ కలిసి తెల్లటి ముద్దవుతాయి. ఆకాశం మీద ఎగిరే నీటికాకికి +1.

ఎత్తు మరిచిపోవద్దు. నిలబడి కిందికి తీసిన బాతు బురద మీద పడేసిన బొమ్మలా ఉంటుంది. గొంతుక్కూర్చుని దాని కంటి ఎత్తుకు దిగండి. నీళ్లు వెనక్కి జరిగి మసకబారతాయి, బాతు ముందుకొస్తుంది. సెట్టింగులన్నీ కలిసి చేసే మేలు కంటే ఈ ఒక్క పని చేసే మేలు ఎక్కువ.

పిట్ట మెడ సాచి మిమ్మల్నే చూస్తోందా, ఈకలు సర్దుకోవడం ఆపేసిందా? ఇక ఒక్క అడుగు కూడా వెయ్యకండి. గూళ్ల ఫొటోలు అసలు తీయకండి. 1934 నుంచి పనిచేస్తున్న జపాన్ అడవి పక్షుల సంఘం కూడా ఇదే కోరుతుంది. మనం నిలబడ్డ చోటుకు కాకి వస్తుంది, ఆ వెనక గూడు మిగలదు. ఫోన్లో పిట్ట అరుపు వినిపించి పిలవడం, తిండి చల్లడం కూడా వద్దు.

పిట్టలు బురద మేట మీద దిగాలంటే సముద్రపు నీరు వెనక్కి పోవాలి. పోటుపాటుల పట్టిక చూసుకోండి. టోక్యో అఖాతంలో చలికాలపు పెద్ద పాటు (నీరు బాగా వెనక్కి పోవడం) రాత్రిపూట వస్తుంది, వసంతంలో పగటిపూట. అందుకే బురద పిట్టలకు ఏప్రిల్, మే నెలలు మంచివి. చలికాలంలో మేట కంటే నీటి మీద చూడండి. సుజుగమో బాతులు వేలల్లో తెప్పలా తేలుతుంటాయి.

4. దృశ్యం: తక్కువ తీయండి

సీ2కు తిప్పండి. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, చక్రం తిప్పడం మరిచి సీ1లోనే సముద్రాన్ని తీయడం. ఐఎస్‌ఓ పైకి పోయి ఆకాశం ఇసుక చల్లినట్టు వస్తుంది. ఫొటో తీశాక తెర మూలన ఉన్న ఐఎస్‌ఓ అంకె ఒక్కసారి చూసే అలవాటు చేసుకోండి.

ఒడ్డు నుంచి నైరుతి వైపు 2012లో తెరిచిన టోక్యో గేట్ బ్రిడ్జి కనిపిస్తుంది. గాలి శుభ్రంగా ఉన్న చలికాలపు రోజుల్లో సుమారు 100 కిలోమీటర్ల అవతలి ఫుజి కూడా తేలుతుంది. దాన్ని వెడల్పు లెన్స్‌తో తీస్తే అగ్గిపుల్ల తలంత పడుతుంది. పిట్టల లెన్స్‌ను 200 దాకా లాగి, వంతెనో నడిచే మనుషులో ముందు పెట్టుకుని తీయండి. కొండ దగ్గరికి వస్తుంది.

ఫుజి కోసమే కవగుచి సరస్సుకు వెళ్తే తెల్లారకముందే ఉత్తరపు ఒడ్డున ఉండాలి. పొద్దెక్కే కొద్దీ మబ్బు కమ్ముతుంది, చలికాలంలో సూర్యుడూ కొండ వైపుకే జరుగుతాడు. మంచు పాలిపోకుండా −0.7 పెట్టండి. అదే చుట్టూ నేలంతా మంచుంటే లెక్క తిరగబడుతుంది, +1 కావాలి. లేకపోతే మంచు బూడిదలా వస్తుంది.

సాకురాకు, అంటే చెర్రీ పూలకు, ఒక్క మాటే చెబుతాను: పూల వెనక ఏముందో చూడండి. తెల్లటి మబ్బు ఆకాశం మీద తెల్లటి పూలు మాయమైపోతాయి. వెనక ముదురు ఆకుపచ్చ చెట్టో, నీడలో ఉన్న గోడో, నీలాకాశమో రావాలి. టోక్యోలో యసుకుని మందిరంలోని ఒక గుర్తు చెట్టు మీద ఐదారు పూలు విచ్చితే వాతావరణ శాఖ 'పూత మొదలైంది' అని ప్రకటిస్తుంది. అక్కణ్నుంచి వారం, పది రోజుల్లో నిండు పూత వస్తుంది. సెలవు ఆ లెక్కన పెట్టుకోండి.

5. ఇంట్లోవాళ్లు: పూల కోసం కాదు, మొహం కోసం తీయండి

అందరూ ఎక్కువగా అడిగేది దీని గురించే. నాకు బాధ మిగిల్చిందీ ఇదే.

మా అమ్మ ఒకసారి ఫిబ్రవరిలో వచ్చింది. ఉమే (జపాన్ ప్లమ్) చెట్లు పూసి ఉన్నాయి. నేత చీర మీద నా స్వెట్టరు వేసుకుని, మెడచుట్టూ శాలువా కప్పుకుని, కొమ్మ వంచి పూలు వాసన చూస్తోంది. నలభై ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే పూలు ముత్యాల్లా ఉన్నాయి, అమ్మ మొహం చీకట్లో ఉంది. కళ్లు కనబడేది ఒక్క ఫొటోలోనే. వెనకంతా తెలుపు ఉంటే కెమెరా ఆ తెలుపును తగ్గించబోయి మొహాన్ని ముంచేస్తుంది. మన చామనఛాయ మొహాలకు ఈ దెబ్బ మరీ ఎక్కువ. ఆ రోజు నేను కాంపెన్సేషన్‌ను రెండు గీతలు పైకి తిప్పి ఉంటే సరిపోయేది.

కాబట్టి సాకురా, ఉమే, మంచు, సముద్రం, ఏది వెనక ఉన్నా +0.7 నుంచి +1.3 దాకా పెంచండి. పూలు కాస్త పాలిపోతే పోనివ్వండి. పూలు మళ్లీ ఏడాదికి వస్తాయి. ఫోనైతే మొహం మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరపండి. ఫోన్లో 'అందం' పేరుతో చర్మాన్ని తెల్లబరిచే సెట్టింగు ఉంటే తప్పకుండా ఆపేయండి. మన రంగు మన ఫొటోలో ఉండాలి.

ఇంకా కొన్ని:

- ఇద్దరికి మించి ఉంటే ఎఫ్5.6 లేదా ఎఫ్8 పెట్టండి. ఎఫ్4లో ముందువరస స్పష్టంగా, వెనక నిలబడ్డ తాతయ్య మసగ్గా వస్తారు.
- పిల్లల్ని పేరుపెట్టి పిలిచి "ఇటు చూడు" అనకండి. పిట్టల లెన్స్‌తోనే పది మీటర్ల దూరంలో, నేల మీద కూర్చుని తీయండి. వాళ్లు గవ్వలేరుకుంటారు, మీకు మొహం దొరుకుతుంది. లకుముకి కోసం కొమ్మ దగ్గర ఎలా ఆగారో, జారుడుబల్ల కింద కూడా అలాగే ఆగండి. పరుగెత్తే పిల్లలకు 1/250 చాలదు, 1/800 కావాలి.
- జనవరి, ఫిబ్రవరిలో కసాయిలో సుయిసెన్ (నార్సిసస్) పూల మడులు ఉంటాయి. పిల్లల్ని బాట మీదే నిలబెట్టండి. మీరు వంగి, పూలు ముందు మసగ్గా వచ్చేలా తీయండి. మడుల్లోకి దిగొద్దు.
- ఫొటోలో మీరూ ఉండాలి. ఎప్పుడూ తీసేవాళ్లే ఆల్బంలో లేకుండా పోతారు. కెమెరాను సంచి మీద పెట్టి పది సెకన్ల టైమర్ వెయ్యండి, లేదా పక్కవాళ్లను అడగండి. సీ3లో పెట్టి ఇస్తే వాళ్లు నొక్కితే చాలు.

నవంబరులో షిచి-గో-సాన్ (మూడు, ఐదు, ఏడేళ్ల పిల్లల పండుగ) కోసం గుడికి వెళ్లే పిల్లలు కిమోనోల్లో ముచ్చటగా ఉంటారు. ఎవరి పిల్లల్నైనా అడక్కుండా తీయకండి. "షషిన్ తొత్తెమో ఈ దెస్ కా?" అంటే "ఫొటో తీసుకోవచ్చా?" అని అర్థం. వద్దంటే తలవంచి పక్కకు రావడమే. మీ ఫొటోలో ఎవరిదైనా మొహం పడితే, బయట పెట్టేముందు మసకబరచండి.

బోర్డు మీద 'సత్సుయే కిన్షి' అని ఉంటే అక్కడ ఫొటోలు నిషేధం. 'సంక్యకు కిన్షి' అంటే ట్రైపాడ్ నిషేధం. ఫుజి-కవగుచికో పట్టణంలో ఒక దుకాణం వెనక ఫుజి వచ్చేలా తీయడానికి జనం రోడ్డుకు అడ్డం పడుతుంటే, 2024 మేలో ఊరివాళ్లు అక్కడ నల్లటి తెర కట్టాల్సి వచ్చింది. మన వల్ల అలాంటి తెర ఇంకోటి లేవకూడదు. డ్రోను ఆలోచన ఉంటే మానుకోండి. 100 గ్రాములు దాటినవాటికి 2022 జూన్ నుంచి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, పార్కుల్లో ఎగరేయనివ్వరు.

6. అక్కడే సరిచూసుకోండి

చిన్న తెర మీద అన్నీ బాగానే కనిపిస్తాయి. మోసం అక్కడే. ప్రతి చోటా మొదటి నాలుగు ఫొటోలు కాగానే ఒకదాన్ని నూరు శాతం పెద్దది చేసి కన్ను చూడండి. పిట్టైనా, పాపైనా కంట్లో వెలుగు చుక్క గుండ్రంగా, పదునుగా ఉండాలి.

- *చుక్క గీతలా సాగింది, మిగతాదీ అంతే:* చెయ్యి కదిలింది. షటర్ పెంచండి, మోచేతులు పక్కటెముకలకు ఆనించండి.
- *పిట్ట మసక, వెనక రెల్లు స్పష్టం:* ఫోకస్ తప్పింది. ఫోకస్ చోటును చిన్న చుక్కకు తగ్గించి మళ్లీ పట్టండి.
- *రెక్కలే మసక, కన్ను పదును:* ఇది తప్పు కాదు, ఉంచుకోండి. రెక్కలు వంకర్లు తిరిగినట్టుంటే మాత్రం చప్పుడులేని ఎలక్ట్రానిక్ షటర్ చేసిన పని అది. మెకానికల్‌కు మార్చండి.
- *ఎన్ని తీసినా దూరపు పిట్టలన్నీ నీళ్లలోంచి చూసినట్టు వణుకుతున్నాయి:* లెన్స్ తప్పు లేదు, గాలి సెగ అది. ఎండెక్కాక నీటి మీద, ఇసుక మీద వస్తుంది. ఏ సెట్టింగూ దాన్ని ఆపలేదు. దగ్గరి పిట్టను చూసుకోండి, లేదా మర్నాడు పొద్దున్నే రండి. తెలియక లెన్స్ అమ్మేసినవాళ్లున్నారు.
- *మొహం మీద ముక్కు నీడ ఒక్కటే నల్లగా:* మనిషిని సూర్యుడికి పక్కకు తిప్పండి.

మంచు ప్రాంతాలకు వెళ్లినప్పుడు వెచ్చటి గదిలోకో, బస్సులోకో వచ్చేముందు కెమెరాను సంచిలో పెట్టి జిప్పు మూసేయండి. గంటసేపు దాన్ని బయటికి తీయకండి. లేకపోతే అద్దం లోపల కూడా చెమ్మ పడుతుంది. ఫొటోలు చూడాలనే ఆత్రం ఉంటే కార్డును బయటే తీసి జేబులో వేసుకోండి.

7. ఇంటికొచ్చాక

ఆ రాత్రే ముందు రెండుచోట్లకు కాపీ చెయ్యండి, తర్వాతే కార్డు ఖాళీ చెయ్యండి. ఏరడం మాత్రం మర్నాటికి వాయిదా వేయండి. అలసటలో మంచివి పోతాయి. కన్ను పదునుగా లేని పిట్టలన్నీ తీసేయండి, దయ చూపకండి. ఇంట్లోవాళ్ల ఫొటోలకు ఈ నియమం లేదు. కాస్త మసకైనా నవ్వు నిజమైతే ఉంచండి.

ఊరికి వాట్సాప్‌లో మామూలుగా పంపితే నలిగిపోతాయి. 'డాక్యుమెంట్'గా పంపండి. అమ్మానాన్నలకు చేతికిచ్చే ఫొటోలు కావాలంటే వీధి చివరి కొన్‌బినీలో (కన్వీనియన్స్ స్టోర్‌లో) ఉన్న మిషన్ చాలు. ఫోన్లోంచి ఎక్కించి ఎల్ సైజు ఎంచుకోండి. అది 89×127 మిల్లీమీటర్లు, మన కెమెరా ఫొటో కంటే పొడవు కొంచెం తక్కువ. అందుకని పొడవు వైపు చివరలు కాస్త తెగుతాయి. గ్రూపు ఫొటో తీసేటప్పుడే అటు చివర, ఇటు చివర నిలబడ్డవాళ్ల పక్కన ఒక భుజమంత ఖాళీ వదలండి.